కూర్చోగలిగితే చాలు

పాఠకుల ప్రశ్నలు, స్త్రీల క్యాన్సర్ డాక్టరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే చికిత్స గురించి ఉన్నాయి కాబట్టి మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేశాను. ఆ చికిత్స పేరు ఎలక్ట్రో కీమోథెరపీ. కీమో మందు ఇచ్చి, గడ్డలోకి చిన్న కరెంటు తాకిడులు పంపే పద్ధతి ఇది. స్త్రీల క్యాన్సర్లలో దీని అవసరం ఎక్కువగా కనిపించేది వల్వా క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు. యోని ద్వారం చుట్టూ బయటికి కనిపించే భాగమంతా కలిపి వల్వా. ఉత్తరాలు రాసినవాళ్లలో నలుగురు దాన్ని "ఆ చోట" అనే రాశారు. నేను పేరు పెట్టే రాస్తున్నాను. పేరు పలకలేకపోవడం వల్లే డాక్టరుకు చూపించడం నెలల తరబడి ఆలస్యమైన స్త్రీలను చాలామందిని చూశాను.

ప్రశ్న: మా అత్తయ్యకు 79 ఏళ్లు. ఐదేళ్ల కిందట వల్వా క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. రెండేళ్ల కిందట తిరగబెడితే రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు మళ్లీ కుడివైపు రెండు గడ్డలు లేచాయి. ఒకటి చింతగింజంత, ఇంకోటి ఉసిరికాయంత. పెద్దది పగిలి పుండైంది. రక్తం కారుతుంటే రోజుకు నాలుగైదు ప్యాడ్లు మారుస్తున్నాను. ఎడమ పక్కకు ఒరిగి కూర్చుంటారు, అదీ పది నిమిషాలే. మళ్లీ ఆపరేషన్ అంటే మూత్రం దారి, మలం దారి కూడా తీసేయాల్సి వస్తుందని, ఈ వయసులో తట్టుకోలేరని చెప్పారు. అదే చోట రేడియేషన్ ఇంక ఇవ్వలేమన్నారు. "పాలియేటివ్‌గా ఎలక్ట్రో కీమో చేద్దాం" అంటున్నారు. మా బావగారేమో "పాలియేటివ్ అంటే ఇంక చేసేదేం లేదని అర్థం, పెద్దావిడకి కరెంటు షాకులెందుకు, ప్రశాంతంగా ఉండనివ్వండి" అంటున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో డాక్టర్ల మాట ఉంది, మీ బావగారి మాట ఉంది, మీ ఆయన మౌనం ఉంది, మీ నిద్రలేని రాత్రులు ఉన్నాయి. మీ అత్తయ్యగారి మాట ఒక్కటి కూడా లేదు. ఆవిణ్ని ఎవరైనా అడిగారా?

తప్పు పట్టడానికి అడగడం లేదు. ఆ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి 81 ఏళ్ల పెద్దావిడ వచ్చారు. ఇదే జబ్బు, ఇలాగే తిరగబెట్టింది. కొడుకులతో అన్నీ మాట్లాడి చికిత్స చేశాను. ఆరు వారాల తర్వాత వస్తే స్కేలు పెట్టి కొలిచి, గడ్డ సగానికి పైగా కరిగిందని సంతోషంగా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "సగం పోయిందమ్మా, కానీ నేను కూర్చునే చోట ఉన్నది పోలేదు. కూర్చోగలిగితే చాలు నాకు" అన్నారు. ఆ మిగిలిన ముక్క రెండు సెంటీమీటర్లు కూడా లేదు. కూర్చున్నప్పుడు ఒత్తిడంతా సరిగ్గా దానిమీదే పడుతోంది. ముందే అడిగి ఉంటే మొదటిసారే దాని సంగతి చూసేదాన్ని. నెలన్నర తర్వాత ఆ ఒక్క చోటికి మళ్లీ చేశాం. తర్వాతి పరీక్షకు వచ్చినప్పుడు వరండాలో బెంచీ మీద రెండు కాళ్లూ నేలకు ఆనించి కూర్చుని ఉన్నారు. అప్పటినుంచి పేషంటుతో నా మొదటి ప్రశ్న "మీకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నదేమిటి?" అనే. గడ్డ కొలత ఆ తర్వాతే.

ఇక ఆ మాట సంగతి. పాలియేటివ్ అంటే ఉపశమనం కోసం చేసేది. జబ్బును వేళ్లతో సహా పెకలించలేమని తెలిసినప్పుడు నొప్పి, రక్తం, వాసన, నిద్రలేమి, కదలలేకపోవడం, వీటిని తగ్గించడానికి చేసే వైద్యం. ఇందులో చేసేది చాలా ఉంది. వల్వా క్యాన్సర్ కొందరిలో లోపలి అవయవాలకు పాకకుండా అక్కడికక్కడే పదేపదే లేస్తూ ఉంటుంది. అలాంటివాళ్లు ఆ పుండుతోనే నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడపాల్సి వస్తుంది. అన్నాళ్లూ రోజుకు ఐదు ప్యాడ్లతో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడాన్ని ప్రశాంతత అనగలమా? మీ బావగారిని ఇదొక్కటి ఆలోచించమనండి. ఆయనది ప్రేమే, దాన్ని నేను కాదనను.

"కరెంటు షాకు" భయానికి వస్తాను. ఇందులో వాడే మందు బ్లియోమైసిన్. 1960లలో జపాన్‌లో హమావో ఉమెజావా బృందం కనిపెట్టిన పాత మందే. కణం లోపలికి చేరిందంటే డీఎన్ఏను తెంపేస్తుంది. కానీ కణం చుట్టూ ఉన్న పలచని కొవ్వు పొరను దాటడం దానికి చేతకాదు. మామూలుగా ఎక్కించినప్పుడు చాలా కొద్దిగా మాత్రమే లోపలికి పోతుంది. గడ్డలో సన్నని సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు గుచ్చి, ఒక్కోటి సెకనులో పదివేలో వంతు మాత్రమే ఉండే తాకిడులు ఎనిమిది ఇస్తే, ఆ పొరలో అతి సూక్ష్మమైన రంధ్రాలు తెరుచుకుంటాయి. మందు లోపలికి జారుతుంది. నిమిషాల్లో రంధ్రాలు మూసుకుపోతాయి, మందు లోపలే ఉండిపోతుంది. ప్రయోగశాలలో కణాల మీద చూసినప్పుడు బ్లియోమైసిన్ దెబ్బ ఇలా వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. విడిపోతూ పెరిగే కణాలే ఎక్కువగా చస్తాయి కాబట్టి పక్కనున్న మంచి కండ చాలావరకు నిలబడుతుంది. మూత్రం, మలం దారులకు ఆనుకుని ఉండే ఈ చోట అది చిన్న విషయం కాదు.

మీ అత్తయ్యగారికి అక్కరకొచ్చేది ఇంకొకటి ఉంది. కరెంటు తగలగానే గడ్డలోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. తర్వాత ఆ నాళాల గోడలే దెబ్బతింటాయి. అందువల్ల కారే పుండ్లలో గడ్డ కరగకముందే రక్తం తగ్గడం తరచూ చూస్తాం. ఐదు ప్యాడ్లు ఒకటి రెండుకు దిగితే మీకూ ఆవిడకూ ఎంత తేడానో నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజు జరిగేది ఇది. పూర్తి మత్తు ఇస్తారు, లేదా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద మొద్దుబారేలా చేస్తారు. బ్లియోమైసిన్‌ను చేతి నరంలోకి ఇస్తారు. మోతాదు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 15,000 యూనిట్లు. బాగా పెద్దవాళ్లకు 10,000కు తగ్గించడం కూడా ఉంది. మందు గడ్డకు చేరడానికి ఎనిమిది నిమిషాలు ఆగి, తర్వాతి ఇరవై నిమిషాల్లో గడ్డంతా, దాని అంచుల చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా, ఎలక్ట్రోడ్లను జరుపుతూ తాకిడులు ఇస్తారు. తాకిడి ఇచ్చినప్పుడు అక్కడి కండరం ఒక్కసారి ఎగిరిపడుతుంది. మత్తులో ఉన్నవాళ్లకు అది తెలియదు. మెదడుకు ఇచ్చే షాకు చికిత్సకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళతారు. మూత్రం దారికి దగ్గరగా చేస్తే కొన్నాళ్లు గొట్టం పెట్టి పంపుతారు. కీమో అనగానే అందరూ భయపడే జుట్టు ఊడిపోవడం, రక్తకణాలు పడిపోవడం ఈ ఒక్క డోసుతో చాలా అరుదు.

ఫలితాల సంగతి. శరీరంలో ఎక్కడెక్కడో చర్మం మీద తేలిన రకరకాల క్యాన్సర్ గడ్డలకు ఈ చికిత్స చేసిన 44 అధ్యయనాలను కలిపి 2013లో లెక్క తీశారు. నూటికి 84 గడ్డలు తగ్గాయి. అందులో 59 పూర్తిగా మాయమయ్యాయి. వల్వా క్యాన్సర్ మీద ఎక్కువ పని చేసినవాళ్లు ఇటలీలోని బొలోనియా వైద్యులు. వాళ్ల పేషంట్లలో చాలామంది మీ అత్తయ్యగారిలాగే ఎనభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు, ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయిపోయినవాళ్లు. పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి గడ్డ తగ్గింది. అయితే ఈ అధ్యయనాల్లో ఉన్నది పదుల సంఖ్యలో స్త్రీలే. వందల మందిని రెండు గుంపులు చేసి పోల్చినవి కావు. ఆ సంగతి తెలిసే ఆశపడండి. గడ్డ మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే ఫలితం బాగుంటుంది. రేడియేషన్ తిన్న చర్మంలో రక్తనాళాలు తక్కువ కాబట్టి అక్కడ కొంచెం తగ్గుతుంది. చింతగింజ, ఉసిరికాయ అంటున్నారు, అంటే ఇంకా చేయి దాటలేదు. వద్దనుకుంటే వద్దనుకోండి. చేయించాలనుకుంటే మాత్రం నిమ్మకాయంత అయ్యేదాకా ఆగకండి.

వెళ్లేముందు కిడ్నీ పరీక్ష ఉండాలి, ఎందుకంటే బ్లియోమైసిన్ చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. ఊపిరితిత్తుల్లో ఇదివరకే గట్టిపడే జబ్బు ఉంటే ఈ మందు పనికిరాదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి.

ఇవన్నీ తర్వాత. ముందు ఆవిడ పక్కన కూర్చుని అడగండి. మీ బావగారు లేనప్పుడు, వీలైతే మీ ఆయన ఉన్నప్పుడు.

ప్రశ్న: నా వయసు 58. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ తగ్గి మూడేళ్లయింది అనుకుంటే యోని చివర, బయటికి కనిపించేచోట పుండు వచ్చింది. నొప్పి భరించగలుగుతున్నాను. వాసన భరించలేకపోతున్నాను. రోజుకు నాలుగుసార్లు స్నానం చేస్తున్నాను. మావారు వేరే గదిలో పడుకుంటున్నారు. ఆయన వెళ్లారో, నేనే పంపానో కూడా చెప్పలేను. ఎలక్ట్రో కీమోతో వాసన పోతుందా? ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు.

జవాబు: మీరు రాసినందుకు సంతోషం. నొప్పి గురించి నన్ను అడిగేవాళ్లు వందమంది ఉంటే వాసన గురించి అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు. కానీ నేను అడిగితే ఎక్కువమంది కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఈ వాసన మీ శుభ్రత లోపం కాదు. నాలుగు స్నానాలు కాదు, పది చేసినా పోదు, సబ్బుతో రుద్దితే పుండు ఇంకా రేగుతుంది. గడ్డ పైభాగానికి రక్తం సరిగా అందక కండ చచ్చిపోతుంది. ఆ చచ్చిన కండలో గాలి అవసరం లేని సూక్ష్మజీవులు చేరతాయి. వాసన వాటిదే. వాటిని చంపే మందు మెట్రోనిడజోల్. జెల్‌గా పుండు మీద రాయవచ్చు, డాక్టరు చెప్పిన పద్ధతిలో మాత్రను పొడి చేసి చల్లవచ్చు. చాలామందికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. దాని పైన బొగ్గు పొర ఉన్న డ్రెస్సింగ్ దొరికితే వాడండి, వాసనను పీల్చుకుంటుంది. ఎలక్ట్రో కీమో చేయించినా చేయించకపోయినా దీన్ని ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

ఎలక్ట్రో కీమో సంగతి. అందేచోట ఉన్న పుండు కాబట్టి అవకాశం ఉంది. గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చిందైనా, వల్వాదైనా, ఆ గడ్డ చర్మం మీదో లోపలి పొర మీదో ఉండి ఎలక్ట్రోడు తగిలితే చాలు, పుట్టిన చోటు ఏదన్నది పెద్ద తేడా చూపదు. యోని లోపలికి అందడానికి వేలికి తొడుక్కునే రకం ఎలక్ట్రోడ్లు ఉన్నాయి. కాకపోతే ఒకటి ముందే చెప్పాలి. చేసిన తర్వాత మొదటి రెండు మూడు వారాలు గడ్డ చస్తూ ఊడుతుంది. ఆ రోజుల్లో వాసన, తడి పెరగవచ్చు. ఇది ముందు చెప్పకపోతే "చేయించుకుని ఇంకా పాడైపోయాను" అని కుంగిపోతారు. ఆ వారాలకు మెట్రోనిడజోల్, డ్రెస్సింగులు ముందే తెచ్చిపెట్టుకోండి. గడ్డ ఊడి కింద కొత్త చర్మం వస్తే వాసన వచ్చే చోటే ఉండదు.

మీవారి విషయం. చికిత్స గురించి మాట్లాడటానికి వెళ్లే రోజు ఆయన్ని తీసుకుని వెళ్లండి, వాసన ఎందుకు వస్తోందో డాక్టరునే ఆయనకు చెప్పమని అడగండి. కొందరు భర్తలు ఇది అంటుకుంటుందని భయపడతారు, ఆ భయం బయటికి చెప్పరు. క్యాన్సర్ అంటుకోదు. పక్కన పడుకుంటే ఏమీ కాదు. పుండు మానేదాకా కలయిక వద్దు, అంతే. దగ్గర కూర్చోవడానికి, చెయ్యి పట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: మా అమ్మకు అండాశయ క్యాన్సర్. కడుపులో నీరు చేరుతోంది. కీమో మందులు ఇంక పనిచేయడం లేదన్నారు. ఎలక్ట్రో కీమో గురించి చదివాను. దీనికి పనికొస్తుందా?

జవాబు: పనికిరాదు బాబూ. అండాశయ క్యాన్సర్ కడుపు లోపల పేగుల మీద, పొరల మీద చిన్న చిన్న గింజల్లా పరుచుకుంటుంది. వాటన్నిటికీ ఎలక్ట్రోడు అందించలేం. ఇలాంటి జబ్బుకు దీన్ని ఎవరైనా హామీ ఇచ్చి చెబితే నమ్మకండి. బొడ్డు దగ్గరో ఆపరేషన్ మచ్చ మీదో ఒక్క గడ్డ తేలి బాధ పెడుతుంటే ఆ ఒక్కదానికి ఆలోచించవచ్చు, లోపలి జబ్బు మాత్రం దానితో మారదు. నీరు ఉబ్బి ఆయాసంగా ఉంటే సన్నని గొట్టంతో తీయవచ్చు. మాటిమాటికీ చేరుతుంటే గొట్టాన్ని అలాగే ఉంచి ఇంట్లోనే కొద్దికొద్దిగా తీసే వీలుంది. ఉపశమన వైద్యులను ఇప్పుడే కలవండి. చివరి రోజుల దాకా ఆగాల్సిన పని లేదు.

ప్రశ్న: నా భార్యకు వల్వా గడ్డకు ఎలక్ట్రో కీమో చేసి మూడు వారాలైంది. గడ్డ తగ్గకపోగా నల్లగా బెరడు కట్టింది. నొప్పి ముందుకంటే ఎక్కువైంది. వీపు మీద, తొడల మీద కొరడాతో కొట్టినట్టు గోధుమరంగు గీతలు వచ్చాయి. ప్లాస్టరు వేసినచోట కూడా నల్లబడింది. చికిత్స వికటించిందా? ఆసుపత్రికి ఫోన్ చేస్తే "అది మామూలే" అని పెట్టేశారు.

జవాబు: "అది మామూలే" అన్న మాట నిజమే కావచ్చు. కానీ అంతటితో ఫోన్ పెట్టేయకూడదు. ఎందుకు మామూలో వాళ్లు చెప్పి ఉండాల్సింది, నేను చెబుతాను.

నల్ల బెరడు చచ్చిన గడ్డే. దాన్ని లాగకండి. కింద కొత్త చర్మం పట్టేకొద్దీ అంచుల నుంచి అదే ఊడుతుంది. చిన్న గడ్డకు నాలుగైదు వారాలు, పెద్దదానికి రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చు. మూడో వారంలో చూసి పనిచేసిందో లేదో నేను కూడా చెప్పలేను. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చూసి చెబుతాం.

గీతల సంగతి. బ్లియోమైసిన్‌ను విరగ్గొట్టి పనికిరాకుండా చేసే ఎంజైము శరీరమంతా ఉంటుంది. చర్మంలోనూ ఊపిరితిత్తుల్లోనూ మాత్రం చాలా తక్కువ. అందుకే మందు ఇచ్చిన తర్వాత గోకిన చోట, ప్లాస్టరు ఊడదీసిన చోట చర్మం నల్లబడుతుంది. ఆవిడకు దురద వచ్చి గోక్కుని ఉంటారు, గీతలు అవే. ప్రమాదం లేదు, నెలలు గడిచేకొద్దీ చాలావరకు పలచబడతాయి. ఇక నుంచి అంటుకునే ప్లాస్టరు వాడకండి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. దురదకు మాత్ర అడగండి.

ఊపిరితిత్తుల మాట వచ్చింది కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి. కొత్తగా పొడి దగ్గు, నడిస్తే ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లండి. ఒక్క డోసుతో అది రావడం అరుదు. జీవితం మొత్తంలో దాటకూడదనే హద్దు 4,00,000 యూనిట్లు, ఒకసారి ఇచ్చేది ఇరవై వేలకు అటూ ఇటూ. ఇంకెప్పుడైనా ఏ ఆపరేషనుకైనా వెళితే మత్తు డాక్టరుకు "బ్లియోమైసిన్ తీసుకుంది" అని తప్పకుండా చెప్పాలి. ఈ మందు తీసుకున్నవాళ్లకు మత్తులో ఆక్సిజన్ అవసరానికి మించి ఇవ్వకుండా జాగ్రత్తపడతారు. ఒక కాగితం మీద రాసి ఆవిడ ఫైలు మొదటి పేజీలో పెట్టండి.

నొప్పిని మాత్రం "మామూలే" అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ముందు నుంచీ నొప్పి ఉన్నవాళ్లకు, గడ్డ పెద్దదైనవాళ్లకు, రేడియేషన్ అయినవాళ్లకు తర్వాతి వారాల్లో నొప్పి పెరుగుతుందని మాకు తెలుసు. తెలిసినప్పుడు మందు ముందే రాసివ్వాలి. ప్యారాసిటమాల్ చాలకపోతే మార్ఫిన్ అడగండి, మొహమాటపడకండి. నొప్పికి డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చే మార్ఫిన్ వల్ల మనిషి బానిస అవుతారన్న భయం వద్దు. దాంతో మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. ఈ చోట పుండు పెట్టుకుని ముక్కాల్సి రావడం ఎంత నరకమో ఆవిణ్ని అడగండి. డ్రెస్సింగ్ మార్చడానికి అరగంట ముందు నొప్పి మందు వేయండి. అంటుకోని రకం డ్రెస్సింగ్ వాడండి, తీసేముందు సెలైనుతో బాగా తడపండి. మూత్రం పోసేటప్పుడు గోరువెచ్చని నీళ్లు ధారగా పోసుకుంటూ ఉంటే మంట సగం తగ్గుతుంది. ఇది నాకు ఒక పేషంటు చెప్పిన చిట్కా, అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

జ్వరం, చలి, పుండు చుట్టూ ఎర్రగా వేడిగా పాకడం, రక్తం ధారగా రావడం, వీటిలో ఏది ఉన్నా ఫోన్ చేయడంతో ఆగకండి, నేరుగా వెళ్లండి.

ప్రశ్న: నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. దీన్ని ఎవరు కనిపెట్టారు? ఎనిమిది తాకిడులే ఎందుకు?

జవాబు: ఒక్కరని చెప్పలేం అమ్మాయ్. 1982లో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం కరెంటు తాకిడులతో ఎలుక కణాల్లోకి జన్యువులను పంపి చూపించింది. 1987లో జపాన్‌లో ఒకినో, మోరి అనే ఇద్దరు ఇదే కిటుకును క్యాన్సర్ మందుతో జంతువుల మీద చేశారు. దాదాపు అప్పుడే పారిస్ శివార్లలోని గుస్తావ్ రూసీ సంస్థలో లూయీ మీర్ బృందం బ్లియోమైసిన్‌తో మొదలుపెట్టింది. మనుషుల మీద వాళ్ల మొదటి ఫలితాలు 1991లో వచ్చాయి, తల, మెడ క్యాన్సర్ గడ్డలకు. చాలాకాలం ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో పద్ధతి నడిచింది. ఫ్రాన్స్, స్లొవేనియా, డెన్మార్క్, ఐర్లండ్ వైద్యులు కలిసి పనిచేసి 2006లో ఒకే పద్ధతిని రాసిపెట్టారు, 2018లో దాన్ని సవరించారు. బ్రిటన్‌లో ఏ చికిత్స ఎలా వాడాలో చెప్పే నైస్ సంస్థ చర్మం మీది గడ్డలకు 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఎనిమిది అన్నది ప్రయోగాలతో తేలిన లెక్క. తాకిడులు మరీ తక్కువైతే రంధ్రాలు చాలినన్ని తెరుచుకోవు, బలం మితిమీరితే పొర మళ్లీ మూసుకోక మంచి కణాలూ చస్తాయి. ఒకప్పుడు సెకనుకు ఒకటి చొప్పున ఇచ్చేవారు, పేషంటు ఎనిమిదిసార్లు ఎగిరిపడేవారు. ఇప్పుడు ఎనిమిదీ కలిపి రెప్పపాటులో ఇస్తారు, ఒక్కసారి ఎగిరినట్టే ఉంటుంది. బ్లియోమైసిన్ బదులు క్యాల్షియం వాడే పద్ధతి మీద డెన్మార్క్‌లో పని జరుగుతోంది. కిడ్నీలు, ఊపిరితిత్తులు బాగాలేని పెద్దవాళ్లకు అది ఉపయోగపడుతుందని నా ఆశ. ఒక్క మాట, నువ్వు నర్సువి కాబోతున్నావు. ఆపరేషన్ గదిలో మందు ఎక్కించిన నిమిషం గడియారం చూసి రాసేది, ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో డాక్టరుకు పైకి చెప్పేది నువ్వే. మేము గడ్డ మీద దృష్టి పెట్టి టైము మరిచిపోతాం.

ప్రశ్న: నాకు 82 ఏళ్లు. ఇప్పటికి రెండుసార్లు ఎలక్ట్రో కీమో అయింది. మొదటిసారి తర్వాత పదకొండు నెలలు హాయిగా ఉన్నాను. రెండోసారి నాలుగు నెలలే. మళ్లీ వచ్చింది. మూడోసారి చేద్దామంటున్నారు, చేయవచ్చట. నా పిల్లలు సరేనన్నారు. నాకు ఇష్టం లేదు. వద్దంటే డాక్టరుగారికి కోపం వస్తుందేమో, మందులు కూడా ఇవ్వరేమో. నా మనవరాలి చేత రాయిస్తున్నాను.

జవాబు: అమ్మా, చేయవచ్చన్నది నిజమే. మందు హద్దు దాటనంతవరకు మళ్లీ మళ్లీ చేస్తారు. కానీ మొదట పదకొండు నెలలు, తర్వాత నాలుగు, ఈ లెక్క మీరే గమనించారు. మూడోది ఇంకా తక్కువ కావచ్చు, కాకపోవచ్చు. ఆ కొన్ని నెలల కోసం మళ్లీ మత్తు, మళ్లీ ఆ మూడు నాలుగు వారాల నొప్పి పడాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాల్సింది. మీ పిల్లలు తేల్చేది కాదు, నేను తేల్చేదీ కాదు.

వద్దంటే కోపం తెచ్చుకునే డాక్టరు ఉంటే అది ఆయన లోపం. మీరు వద్దంటున్నది ఆ ఒక్క చికిత్సనే, వైద్యం మొత్తాన్ని కాదు. డాక్టరుగారితో ఇలాగే అనండి: "ఇది వద్దు. నొప్పి లేకుండా, రక్తం కారకుండా, వాసన రాకుండా చూడండి." నొప్పికి మార్ఫిన్ ఉంది, మింగలేకపోతే చర్మం కింద ఇచ్చే వీలూ ఉంది. రక్తానికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, అదే మందులో తడిపి పుండు మీద అద్దే పలచని కట్టు గుడ్డ ఉన్నాయి. ఆ చోట ఇదివరకు రేడియేషన్ ఎక్కువ పడకపోతే రక్తం ఆపడానికి ఒకే ఒక్క డోసు రేడియేషన్ ఇవ్వగలరేమో అడగండి. మెత్తటి పరుపు, మధ్యలో ఖాళీ ఉన్న దిండు తెప్పించుకోండి. డ్రెస్సింగుకు ఇంటికి వచ్చే నర్సు దొరికితే వారానికి మూడుసార్లు రమ్మనండి, ప్రతిరోజూ పుండు కదపనక్కర్లేదు.

రాస్తున్న మనవరాలికి ఒక పని చెబుతాను. నాన్నమ్మో అమ్మమ్మో, నీకు ఆవిడ ఏమవుతారో నాకు తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు ఆవిడ పక్క కుర్చీలో నువ్వు కూర్చో. ఆవిడ మాట పూర్తయ్యేదాకా మీ నాన్ననూ అత్తనూ మధ్యలో మాట్లాడనివ్వకు.